దారి ఎరిగిన కడ్డీలు

అద్దం మీద ఏదో సన్నగా దొర్లుతోంది. దొర్లి, ఒకచోట 'టక్' మని తల వాల్చి, మళ్ళీ దొర్లుతోంది.

వంశీకృష్ణ, సమ్మెవాళ్ళు ఆపుతారని ఇంజన్ ఆపేసి, బండి తోసుకుంటూ ఎల్బీ నగర్ చౌరస్తా దాటుతున్నాడు. సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. బస్సులన్నీ డిపోల్లోనే ఉండిపోయాయి. షట్టర్లు దించిన షాపుల నడుమ పెద్ద రోడ్డు నీళ్ళు వదలని కాలువలా పడి ఉంది. మామూలప్పుడు ఆ చౌరస్తాలో పక్కమనిషికి మాట వినపడాలంటే అరవాలి. ఆ రోజు ఏదో సందులో అద్దం మీద దొర్లుతున్న చిన్న చప్పుడు రోడ్డు ఈ కొస నుంచి ఆ కొస దాకా పరుచుకుని ఉంది. వంశీకి మెకానిక్ షాపు అడ్రసు అడగాల్సిన పని పడలేదు. చప్పుడు వెంట నడిచాడు.

"ఆడనే ఆగు తమ్మీ. ఎలుతురుకు అడ్డం రాకు."

ముందు గొంతు వినిపించింది, తర్వాత మనిషి కనిపించాడు. సగం ఎత్తిన షట్టరు కింద, పాత బీరువా తలుపు నుంచి ఊడదీసిన నిలువుటద్దాన్ని నేల మీద పరిచి, దాని ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు వెంకటనర్సయ్య. అరచేత్తో ఒక సన్నటి కడ్డీని అద్దం మీద దొర్లిస్తున్నాడు. తిన్నగా ఉన్న కడ్డీ చప్పుడు లేకుండా పోతుంది. వంగినది ప్రతి చుట్టుకూ ఒకసారి తల కొట్టుకుంటుంది. కంటికి కనపడని వంకర అతనికి అట్లా చెవికి తెలిసేది.

బుల్లెట్ మోటార్‌సైకిళ్ళు తప్ప వేరే బండి ముట్టుకోడు వెంకటనర్సయ్య. పోచంపల్లి నేతగాళ్ళ ఇంట్లో పుట్టి, మీసాలు రాని వయసులో మలక్‌పేటలో పని నేర్చుకుని, తాటిచెట్లు ఇంకా నిలబడి ఉన్న రోజుల్లోనే ఈ ఎల్బీ నగర్ సందులో షాపు పెట్టాడు. షాపులో రేడియో ఉండదు. ఇంజన్ స్టార్ట్ చేసి, స్క్రూడ్రైవర్ మొనను దాని ఒంటికి ఆనించి, పిడిని చెవికి అదుముకుని కళ్ళు మూసుకుంటాడు. అప్పుడెవరైనా దగ్గితే కసురుకుంటాడు.

"ఏమైంది బండికి?"

"ఏం కాలేదన్నా. బలం చాలట్లేదు. మొన్న కొత్తపేట దగ్గర లాఠీచార్జీ జరుగుతుంటే పక్కసందులోకి తిప్పాను. ఎంత గుంజినా కదల్దే! నా వెనక పరిగెత్తుకొచ్చినాయన నన్ను దాటి వెళ్ళిపోయాడు."

వెంకటనర్సయ్య నవ్వాడు. పై పన్ను ఒకటి లేదు. "మీది ఏ దిక్కు? విజయవాడనా?"

"తెనాలి. కానీ నేను పుట్టింది వనస్థలిపురంలోనే."

"తెలంగాణ వస్తే నీ బండి ఏ రాష్ట్రంల నడుస్తది మరి?"

"మీరు ఏ రాష్ట్రంలో ఉంటే అక్కడే. రిపేరుకు రావాలిగా."

"జవాబు దగ్గర పెట్టుకున్నవ్." వెంకటనర్సయ్య జరిగి చోటిచ్చాడు. కాసేపట్లో చౌరస్తాలో రోడ్డు మీదనే వంటావార్పు మొదలవుతుందనీ, తన భార్య కౌసల్య దానికి పప్పు సర్దడానికి పోయిందనీ, ఇంకాసేపుంటే తాను కూడా జెండా పట్టుకుని పోయేవాడిననీ చెప్పాడు.

వంశీ సంచిలోంచి ఇంజన్ వాల్వులను తెరిచే ఇరుసు, కొత్త కామ్‌షాఫ్ట్ తీసి ఇచ్చాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో కళ్ళద్దాల షాపులో పనిచేస్తాడు అతను. అద్దాలు అరగదీసే చేతులు కాబట్టి ఆ ఇనుప నునుపు అతనికీ నచ్చింది. పాతదాని కంటే దీని ముక్కు ఎత్తుగా ఉంది. వాల్వు ఎక్కువ తెరుచుకుంటుంది, ఇంజన్ ఎక్కువ ఊపిరి పీల్చుకుంటుంది, బండి ఉరుకుతుంది.

"ముక్కు పొడుగైంది సరే, నడుము జూడు, ఎంత సన్నం జేసిండ్రో," అన్నాడు వెంకటనర్సయ్య. "నడుము తగ్గినంత, మీ పాత కడ్డీలు పొట్టిగైతయ్."

బుల్లెట్ ఇంజన్లో కామ్ అడుగున తిరుగుతుంది. వాల్వులు పైన తలలో ఉంటాయి. కింది మాటను పైకి మోసుకుపోయేవి రెండు కడ్డీలు, పుష్‌రాడ్లు. అవి పొట్టివైతే మాట సగంలో తెగిపోతుంది. పొడుగైతే వాల్వు మూసుకోదు, కాలిపోతుంది. కొత్త కామ్ పడ్డాక వాటిని కొత్తగా కొలిచి ఎంచుకోవాలి.

అతను కొలిచే పద్ధతి అతనిదే. నడుమ కోసేసి, మరలు చెక్కి, పొడుగూ పొట్టీ చేసుకునేలా అమర్చుకున్న కొలత కడ్డీ ఒకటుంది. కామ్ మార్చాక దాన్ని లోపలికి దించాడు. కౌసల్య ఆముదం దీపం మీద పట్టిన కాటుక భరిణె తీసి, వాల్వు నెత్తిన చిటికెన వేలితో చుక్క పెట్టాడు. ప్లగ్గు ఊడదీసి, బండిని టాప్ గేరులో వేసి, వెనక చక్రాన్ని చేత్తో నిదానంగా తిప్పాడు. పైన రాకర్ అనే మీట వాల్వును నొక్కి లేచినచోట కాటుక చెరిగింది. చెరిగిన గీత అంచుకు పోయింది. కడ్డీని రవ్వంత పొడిగించాడు. మళ్ళీ కాటుక, మళ్ళీ చక్రం. గీత కొంచెం లోపలికి వచ్చింది.

"నడిమధ్యల, సన్నగ, పాపిట తీసినట్టు రావాలె. అప్పుడు అదీ కొలత."

గీత పాపిటలా వచ్చింది. కొలత కడ్డీని తీసి పక్కన పెట్టి, దానికి సరిపోయే కడ్డీల కోసం కట్టలు వెతుకుతూ, ఖాళీ ఇంజన్ను ఊరికే ఒక చుట్టు తిప్పాడు. తిప్పి ఆగిపోయాడు.

"ఇన్నవా?"

"ఏంటన్నా?"

"కడ్డీలు లేవు గద లోపల. మరి టిక్కుమన్నదేంది?"

వంశీకి ఏమీ వినపడలేదు. చౌరస్తా వైపు నుంచి పప్పు పోపు వాసన ఒక్కటే వచ్చింది.

పని అయ్యాక ఇంజన్ మెత్తగా గురకపెట్టింది. పాత టిక్కు టిక్కు ఎక్కడా లేదు. ఇన్నేళ్ళుగా ఆ బండికి అదో అలవాటు. నిమిషమైనా ఆగకుండా టిక్కు, టిక్కు. వంశీ మురిసిపోయాడు. వెంకటనర్సయ్య పాత కడ్డీలు రెండూ తుడిచి, రంగు నూలుపోగుతో కలిపి కట్టి చాపాడు.

"ఇవి ఇంటికి తీస్కపో."

"పాత ఇనుము నాకెందుకన్నా, మీరే పడెయ్యండి."

"నేను పడెయ్య. ఎవ్వరి పాతయి వాళ్ళకిస్త. మీ నాయిన బండి అంటివి. ఇన్నేండ్లు ఒక్కటే తొవ్వల నడిచినయ్. దారి ఎరిగినయ్."

"దారి తెలిస్తే అవే వస్తాయిలెండి," అని నవ్వి బండెక్కాడు వంశీ.

వెంకటనర్సయ్య నవ్వలేదు. కడ్డీలను షట్టరు పక్కన మేకుకు తగిలించాడు.

*

వంశీ తల్లి అమ్మాజీకి చూపు లేదు. నీటికాసుల జబ్బు ముందు ఒక కన్నునూ తర్వాత రెండోదాన్నీ తీసుకుంది. భర్త వెంకటేశ్వరరావు ఉన్నప్పుడు ఆ బుల్లెట్ మీదే ఆఫీసుకు వెళ్ళొచ్చేవాడు. ఆయన పోయాక కొడుకు నడుపుతున్నాడు. మనిషి మారినా టిక్కు మారలేదు. వాటర్ ట్యాంకు మలుపు దగ్గర ఆ చప్పుడు వినపడగానే ఆవిడ లేచి కాఫీ పెట్టేది. సమ్మె మొదలయ్యాక అయితే సాయంత్రం కాగానే వీధరుగు మీద చేరి, గేటు గొళ్ళెం మీద చెయ్యి వేసుకుని కూర్చునేది. రాళ్ళనీ, పొగబాంబులనీ రోజుకో వార్త. ఆ టిక్కు వింటేనే ఆవిడ గొళ్ళెం తీసేది, ఊపిరి తీసుకునేది.

ఆ సంగతి వంశీకి తెలుసు. కానీ కొత్త గురక విని అమ్మ కూడా సంతోషిస్తుందనుకున్నాడు.

ఇంటికి వచ్చేసరికి గేటు తెరిచే ఉంది. బల్ల మీద కాఫీకి మీగడ కట్టింది.

"ఏంట్రా, ఇందాక వచ్చి మళ్ళీ ఎక్కడికి వెళ్ళావ్?"

"ఇప్పుడే కదమ్మా రావడం."

"నీ మొహం. ట్యాంకు దగ్గర నుంచి విన్నాను. గుమ్మంలో ఆగింది. కాఫీ కలిపి బయటికొస్తే పలకవు."

పక్కింటివాళ్ళ బండి అయ్యుంటుందన్నాడు. మరునాడు కాఫీ పూర్తిగా చల్లారిపోయి ఉంది. ఆ తర్వాత ఒకరోజు చైతన్యపురి హాస్టళ్ళ పిల్లలు రోడ్డు మీదికొచ్చి, పోలీసులొచ్చి, వంశీ షాపులోనే ఇరుక్కుపోయాడు. షట్టరు కింది సందులోంచి పొగ లోపలికి వస్తుంటే, తడిగుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకుని తల్లికి ఫోన్ చేశాడు.

"అమ్మా, ఆలస్యమవుతుంది. కంగారు పడకు."

"ఎక్కడినుంచిరా ఫోను? నీ బండి ఇక్కడ గుమ్మంలో ఆడుతుంటే!"

వంశీ ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు. "నాన్నది గుర్తొస్తోందేమోనమ్మా" అన్నాడు.

ఆవిడ చాలా మామూలుగా, కూరలో ఉప్పు సంగతి చెప్పినట్టు చెప్పింది. "మీ నాన్నయితే చెప్పులు విడిచే చప్పుడుండేది. నువ్వైతే తాళాల గుత్తి. ఇది ఉత్త బండేరా. వస్తుంది, ఆగుతుంది. ఎవరూ దిగరు."

ఆ మాటతో వంశీకి ఇల్లు అంటే జంకు పట్టుకుంది. ట్యాంకు మలుపు దగ్గర ఇంజన్ ఆపేసి బండిని తోసుకుంటూ వచ్చాడు. ఏమీ వినపడలేదు. కరెంటు కోతలో సందంతా చీకటి, గుమ్మాల్లో కొవ్వొత్తులు. తన ఇంటి ముందు మట్టిలో మాత్రం, ఎండిన ఆకులు బండి నిలబడేంత మేర అటూ ఇటూ తొలగి ఉన్నాయి.

ఆ తర్వాతి సాయంత్రం అమ్మాజీ ఇంట్లో లేదు. వీధివాళ్ళు వెతికితే విజయవాడ హైవే అంచున దొరికింది. ఒక చెయ్యి ముందుకు చాపి, కాలితో రోడ్డును తడుముకుంటూ ఎల్బీ నగర్ వైపు నడుస్తోంది.

"బండి ఆగి ఆగి వెనక్కి తిరిగిందిరా. నువ్వే వెళ్ళిపోతున్నావనుకున్నాను," అంది, అరిపాదాల్లో గాజుపెంకులు తీయించుకుంటూ. "గేటు దగ్గర నిలబడితే ఇంకెంతసేపు నిలబడను? వెంట వెళ్తే దొరుకుతావనిపించింది."

సమ్మె కాబట్టి హైవే ఖాళీగా ఉంది. సమ్మె ఏదో ఒకరోజు ఆగుతుంది. అప్పుడు ఆ రోడ్డు మీద లారీకీ లారీకీ మధ్య చీమ దూరే సందుండదు. అమ్మ మళ్ళీ ఆ చప్పుడు వెంట లేచి వెళితే? గదికి గడియ వేసి ఆవిడను బంధించాలి, లేదా ఆ చప్పుడునే బంధించాలి. వంశీకి రాత్రంతా అదే ఆలోచన.

*

"గీడికే రావాలె నువ్వు. వచ్చినవ్," అన్నాడు వెంకటనర్సయ్య, సంగతంతా విని. ఆశ్చర్యపోలేదు. మేకు వైపు చెయ్యి చూపించాడు. "పొద్దుగూకే యాళ్ళయింది. ముట్టి జూడు."

నూలుపోగుకు వేలాడుతున్న రెండు కడ్డీలు. వంశీ వేళ్ళు ఆనించి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. అప్పుడే వచ్చి ఆగిన ఇంజన్లా వెచ్చగా ఉన్నాయి.

"ఎండకు రేకు కాలి వేడెక్కినయనుకున్న మొదట. మబ్బు వట్టిన దినం గూడ గంతే. పొద్దుగూకంగ వేడెక్కుతయ్, చీకటయినంక సల్లవడ్తయ్. పోయొస్తున్నయన్నట్టు."

"పోయి రావడమేంటన్నా..." అన్నాడు వంశీ.

"మా ఇంట్ల మగ్గం అమ్మినప్పుడు గిట్లనే అయింది." వెంకటనర్సయ్య అద్దం ముందు కూర్చున్నాడు. "మగ్గం అమ్మితె, దాంట్ల అటు ఇటు ఉరికే నాడె ఉంటది సూడు, గదొక్కటి ఇంట్ల ఉంచుకోవాలె. మా దిక్కు రివాజు. మా నాయిన ఉంచుకోలె. కొన్నోడు చౌటుప్పల్ తీస్కపోయిండు. మల్ల దినం సంది మా అమ్మ సైదమ్మ ఖాళీ మగ్గం గుంతల కాళ్ళు వెట్టి కూసునేది. ఇనబడుతుందిరా అంటది. మేం నవ్వినం. ఒకనాడు లేచి ఎల్లిపోయింది. చౌటుప్పల్ తొవ్వల దొర్కింది."

"తర్వాత?"

"దొర్కింది గని, మల్ల ఇంట్ల కూసోలె ఆమె. ఏడ కూసున్నా లేచి పోవుడే. గందుకే నేను ఎవ్వరి పాతయి వాళ్ళకే ఇస్త."

"అయితే ఇవి ఇంటికి తీసుకెళ్ళి దాచిపెడితే సరిపోతుందా?"

"ఆ దినం తీస్కపోతే సరిపోయేది. ఇప్పుడు అలవాటు వడ్డయ్. డబ్బాల వెడితె ఊకుంటయా?" కడ్డీలను మేకు మీద నుంచి దించాడు. "వీటిని మల్ల బండిలకే ఎక్కియ్యాలె. నువ్వు, అవి ఒక్కసారే పోవాలె ఇంటికి."

"పొట్టివైపోయాయన్నారుగా?"

"గదే పని."

వెంకటనర్సయ్య పనిలోకి దిగాడు. పాత కడ్డీల కొసలకు ఉక్కు టోపీలు బిగించి ఉంటాయి. ఇన్నేళ్ళ రాపిడిలో అరిగి నున్నబడ్డవి అవే. వాటిని పట్టుకారుతో ఊడదీశాడు. కొత్త కడ్డీల డొల్ల గొట్టాలకు వాటిని తొడగాలి. కానీ అరిగిన టోపీ లోతు వేరు. మొన్నటి కొలత పనికిరాదు. మళ్ళీ కాటుక భరిణె తెరిచాడు.

వంశీ టార్చి పట్టుకున్నాడు. మొదటి పొడవుకు గీత అంచుకు పోయింది. ఆకురాయితో గొట్టం అంచు రుద్దాడు, టోపీ తొడిగాడు, చక్రం తిప్పాడు. గీత ఇటు అంచుకు వచ్చింది. ఆ గొట్టం పక్కన పడేసి ఇంకోటి తీసుకున్నాడు. బయట ఎవరో జై కొట్టుకుంటూ పోయారు. కౌసల్య వచ్చి షట్టరు దగ్గర నిలబడింది. ఆ రోజూ వంటావార్పు నుంచే వచ్చినట్టుంది, చేతిలో గరిటె ఉంది.

"ఏందయ్యా, తెనాలి బండికి పెండ్లి జేస్తున్నవా? ఉన్న కాటుకంత దానికే వెడ్తివి."

"ఊకో."

"మా పప్పు రుచి జూడవా తమ్మీ? కారం తక్కువ వేసిన్లే, మీ ఆంధ్రోళ్ళు ఏడుస్తరని."

"మేము కారానికి ఏడవం అక్కా, తీపికి ఏడుస్తాం," అన్నాడు వంశీ, టార్చి కదలకుండా పట్టుకుని. ఆవిడ నవ్వుతూ వెళ్ళింది.

గీత మధ్యకు వచ్చింది. వెంకటనర్సయ్య ఊపిరి బిగబట్టి చూశాడు. పాపిట తీసినట్టు, సన్నగా, తిన్నగా. కొలత కుదిరింది. చివర బిగింపు దగ్గర మాత్రం చెయ్యి ఆపాడు.

"పూర్తిగ బిగిస్తే సప్పుడు రాదు. మీ అమ్మకు దిక్కు తెల్వదు. రవ్వంత సందు ఇడుస్తున్న. వాల్వుకు ఏం గాదు."

కిక్కు కొట్టాడు. గురక, గురక మీద టిక్కు, టిక్కు. వంశీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తన చిన్నతనమంతా ఆ చప్పుడు తర్వాతే తలుపు తెరుచుకునేది.

"నేను ముందు పోయి మీ అమ్మ కాడ కూసుంట. ఆమె లేస్తె పట్టుకోవాలె గద. నువ్వు జర ఆగి ఎల్లు. ఉరికియ్యకు. నడుమల ఏడ ఆగకు," అని తన పాత మోపెడ్ మీద బయల్దేరాడు వెంకటనర్సయ్య.

*

ఖాళీ హైవే మీద వంశీ నిదానంగా నడిపాడు. రెండు వైపులా కరెంటు లేని మేడలు, ఆకాశంలో మిగిలిన బూడిదరంగు వెలుగు. టిక్కు ఒక్కటే వినపడుతోంది. ఒక్కోసారి అది ఇంజన్లోంచి కాక, కాస్త ముందు నుంచి వస్తున్నట్టుండేది. అప్పుడు అతని చెయ్యి ఎక్సలరేటర్ మీద బిగుసుకునేది. ఉరికించొద్దన్న మాట గుర్తొచ్చి వదులు చేసేవాడు. ఆటోనగర్ దాటాక ముందున్నది వెనక్కి జరిగి తనతో కలిసింది. తొడల మధ్య పెట్రోలు ట్యాంకు ఒక్కసారి బరువెక్కినట్టయింది.

ట్యాంకు మలుపు తిరిగాడు. అరుగు మీద కొవ్వొత్తి. పక్కపక్కన ఇద్దరు. గేటు వేసే ఉంది.

"మీరు టీ తాగేవాళ్ళు, మీకు కాఫీ విలువ ఏం తెలుస్తుందండీ," అంటోంది అమ్మాజీ.

"కాఫీ తాగితె చెవులు గింత మంచిగ ఇనబడ్తయంటె తాగుత తల్లీ," అంటున్నాడు వెంకటనర్సయ్య.

ఆవిడ మాట ఆపి తల ఎత్తింది. చెయ్యి గొళ్ళెం మీదికి పోయింది. బండి గుమ్మంలో ఆగింది. ఆవిడ తీయలేదు. వింటోంది. వంశీ తాళాల గుత్తి బయటికి లాగాడు. అది గలగలమంది. అప్పుడు గొళ్ళెం తీసి, చెయ్యి చాపి, కొడుకు మొహం పట్టుకుని తడిమింది. ముక్కు, చెంపలు, రెండు రోజులుగా మాసిన గడ్డం.

"దిగాడు," అంది. "ఇవాళ దీంట్లోంచి మనిషి దిగాడు."

తర్వాత ఎన్నడూ ఆవిడ గేటు దాటలేదు. సమ్మె ఆగింది, లారీలు తిరిగి వచ్చాయి, హైవే హోరు సందులోకి వచ్చింది. ఆ హోరులో కూడా ఆవిడ టిక్కును ఏరుకునేది. అది వచ్చినప్పుడు వంశీ వచ్చేవాడు, ముందు కాదు. బండి మళ్ళీ మొరాయించలేదు కాబట్టి వంశీ ఆ ఎల్బీ నగర్ సందుకు పోలేదు. మెట్రో కోసం రోడ్డు వెడల్పు చేస్తున్నప్పుడు ఒకసారి అటు వెళితే, షాపు ఉన్నచోట ఇటుకల కుప్ప కనిపించింది. పోయిన ఎండాకాలం నర్సయ్య పోయాడనీ, కౌసల్య పోచంపల్లి వెళ్ళిపోయిందనీ పక్కన పంక్చర్లు వేసే మనిషి చెప్పాడు. ఆ నిలువుటద్దం మాత్రం ముక్కలు కాకుండా గోడకు ఆనించి ఉంది. దాంట్లో ఎండ ఉంది.

వంశీ నర్సయ్య నోట విన్న ఆఖరి మాట, బండి ఇల్లు చేరిన ఆ సాయంత్రందే. తల్లిని లోపలికి నడిపించి, గేటు మూసేద్దామని వెనక్కి వచ్చాడు. వెంకటనర్సయ్య ఇంకా అరుగు మీదనే ఉన్నాడు. ఖాళీ సందులోకి చూస్తూ, ఎవరో నడిచి రావడానికి చోటిస్తున్నట్టు కాళ్ళు రెండూ పైకి ముడుచుకున్నాడు. గొళ్ళెం మీద పడిన వంశీ చేతిని మెల్లగా పట్టుకుని ఆపాడు.

"అప్పుడే ఎయ్యకు తమ్మీ. ఎనక చెప్పుల సప్పుడు వస్తున్నది, అది గూడ మీ ఇంటిదే."